కుంగుబాటు తగ్గిన తరువాత: బుద్ధికి కంప్యూటర్ సాధన

ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దలు చెప్పారు. జబ్బు నయమైనదని డాక్టరు ధ్రువపత్రం ఇచ్చినంత మాత్రాన మనిషి పూర్తిగా కోలుకున్నట్లు కాదని మేము గ్రహించడానికి మా విభాగంలోనే ఒక ఉదంతం జరగవలసి వచ్చింది. ఆ సహోద్యోగి అనుమతితోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. ఆయన పేరుతో పాఠకులకు పనిలేదు. ఆయన పడిన ఇబ్బంది మాత్రం మనలో ఎవరికైనా, మన ఇళ్ళలో ఎవరికైనా ఎదురుకాగలదు.

ఆయన సుమారు 20 సంవత్సరాల సర్వీసు ఉన్న ఇంజనీరు. టెండర్ల కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారుచేయడంలో ఆయనకు ఆయనే సాటి. తీవ్రమైన కుంగుబాటుకు, అనగా డిప్రెషన్‌కు లోనై, 4 నెలలు సెలవులో ఉండి, వైద్యం చేయించుకుని, ఒక చలికాలపు ఉదయం తిరిగి డ్యూటీలో చేరారు. ముఖంలో కళ వచ్చింది. క్యాంటీన్‌లో అందరితో కలిసి టీ తాగారు, నవ్వారు. మేమందరమూ సంతోషించాము. నిలిచిపోయిన ఫైళ్ళన్నీ తెచ్చి ఆయన బల్లమీద పెట్టాము. అది మేము చేసిన మొదటి తప్పు.

రెండు వారాలు గడిచేసరికి పరిస్థితి వేరుగా కనిపించింది. ఒకే నోట్ రెండుసార్లు రాశారు. పట్టికలో ఒక వరుసలో వేయవలసిన అంకెలు మరొక వరుసలో వేశారు. సమావేశంలో పదినిమిషాల క్రితం అనుకున్న మాట ఆయనకు గుర్తులేదు. నోయిడా నుంచి మెట్రోలో వస్తూ మండీ హౌస్‌లో వయొలెట్ లైన్‌కు మారవలసిన మనిషి, ఆ స్టేషన్ దాటిన సంగతి రాజీవ్ చౌక్ వచ్చాక గాని గమనించేవారు కాదు. "ఇంకా జబ్బు పేరు చెప్పుకుని ఎన్నాళ్ళు?" అని గుసగుసలు బయలుదేరాయి. అప్పుడు మేము దయ చూపుతున్నామనుకుని ఆయన నుంచి పని మొత్తం తప్పించాము. అది రెండవ తప్పు. ఒక సాయంత్రం ఆయన మా గదికి వచ్చి, "సార్, అప్పుడు పని మోయలేకపోయాను. ఇప్పుడు పని లేకుండా కూర్చోవడం మోయలేకపోతున్నాను" అన్నారు.

ఇంటివద్దా అదే తీరు. ఆయన శ్రీమతి ఒకనాడు ఫోనులో, "అన్నయ్యగారూ, మనిషి మునుపటిలాగే ఉన్నారు. పిల్లలతో మాట్లాడుతున్నారు, వేళకు తింటున్నారు. కానీ పాలూ పెరుగూ తెమ్మంటే పాలు తెచ్చి పెరుగు మరచిపోతున్నారు. నేను విసుక్కుంటే గదిలోకి వెళ్ళి కూర్చుంటున్నారు. మళ్ళీ మొదటికి వస్తుందేమోనని భయంగా ఉన్నది" అని వాపోయారు.

ఆ తరువాత ఆయనకు వైద్యం చేస్తున్న ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఆయనతో కలిసి వెళ్ళాము. అక్కడి క్లినికల్ సైకాలజిస్టు ఓపికగా చెప్పిన విషయాలకు, అనంతరం మేము చదివి తెలుసుకున్నవి జోడించి ఇక్కడ పొందుపరుస్తున్నాము.

దిగులు వేరు, మందగింపు వేరు

కుంగుబాటు అరుదైన వ్యాధి కాదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో వయోజనులలో ప్రతి 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి గురైనవారే. బాధపడుతున్నవారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే తెలిపింది.

కుంగుబాటు అనగానే మనకు దిగులు, కన్నీళ్ళు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గుర్తుకు వస్తాయి. ఆలోచన మందగించడం, ఏకాగ్రత కుదరకపోవడం, చిన్న విషయంలో కూడా నిర్ణయం తీసుకోలేకపోవడం సైతం ఆ వ్యాధిని గుర్తించడానికి వైద్యులు చూసే లక్షణాలే. మందులతోనూ, కౌన్సెలింగ్‌తోనూ దిగులు తగ్గుతుంది. ఈ మందగింపు మాత్రం చాలామందిలో అంత త్వరగా తగ్గదు. సైకలాజికల్ మెడిసిన్ అనే పత్రికలో 2014లో వెలువడిన ఒక సమీక్ష, అప్పటివరకు జరిగిన పరిశోధనలను కలిపి పరిశీలించి, దిగులు తొలగిన తరువాత కూడా అవధాన శక్తిలోనూ, పనులను క్రమంలో నడిపించుకునే శక్తిలోనూ చెప్పుకోదగిన లోటు మిగిలి ఉంటున్నదని తేల్చింది.

అంటే మా సహోద్యోగి బద్ధకించలేదు, నటించలేదు. మనసు కుదుటపడిన రోజు, బుద్ధి తిరిగి పదునెక్కిన రోజు ఒకటి కాకపోవడమే ఆయన కష్టానికి మూలం. ఈ రెండు రోజుల నడుమ ఉండే కాలం నెలలు కావచ్చు. మనిషిని మనం అపార్థం చేసుకునేది ఈ కాలంలోనే. "నా పని అయిపోయింది, నేనిక ఎందుకూ పనికిరాను" అని ఆ మనిషి తనను తాను నిందించుకునేది కూడా ఈ కాలంలోనే. ఆ నింద తిరిగి కుంగుబాటుకు దారితీసే ప్రమాదం లేకపోలేదు.

అవధానం మనకు తెలిసినదే

మందగించే శక్తులు ముఖ్యంగా మూడు. మొదటిది అవధానం: మనసు ఒక విషయంపై నిలపడం. రెండవది తాత్కాలిక ధారణ: పని పూర్తయ్యేవరకు కావలసిన వివరాలను మనసులో పట్టి ఉంచడం. మూడవది నిర్వహణ శక్తి: ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించి, అక్కరలేని దానిని పక్కకు నెట్టి, ఒక పని నుంచి మరొక పనికి తడబడకుండా మారడం.

తెలుగువారికి ఈ మూడింటినీ వివరించడానికి పెద్ద గ్రంథాలు అక్కరలేదు. అష్టావధానం చూసినవారికి ఇవి సులభంగా బోధపడతాయి. అవధాని ఒకరికి సమస్య పూరిస్తూ, మరొకరి దత్తపదికి పద్యం అల్లుతూ, నడుమ మోగే గంటల లెక్క మరువకుండా, చివరకు అన్ని పద్యాలనూ ధారణ చేసి అప్పగించాలి. పక్కనే అప్రస్తుత ప్రసంగి కూర్చుని ఏకాగ్రత చెడగొట్టడానికి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడు. కుంగుబాటు నుంచి తేరుకుంటున్న మనిషి లోపల అటువంటి అప్రస్తుత ప్రసంగి ఒకడు పగలూ రాత్రీ మాట్లాడుతూ ఉంటాడు. "ఆనాడు అలా చేయకుండా ఉండవలసింది, రేపు ఏమవుతుందో" అనే ఆలోచనలే ఆ ప్రసంగి. వేదిక మీద ఉన్నవాడు నవ్విస్తాడు. లోపల ఉన్నవాడు నవ్వించడు, నోరు మూయడు. పట్టికలోని అంకెలు పట్టుకోవలసిన మనసు చాలా భాగం వానికి సమాధానం చెప్పడానికే ఖర్చయిపోతుంది.

కంప్యూటర్ ఏమి చేయిస్తుంది?

కాలు విరిగి కట్టు విప్పిన తరువాత ఫిజియోథెరపీ చేయించినట్లే, ఈ శక్తులకు క్రమబద్ధమైన వ్యాయామం ఇవ్వడమే కంప్యూటర్ సాధన ఉద్దేశం. ఒక ఉదాహరణ చూద్దాము. కంప్యూటర్ 3 అని పలుకుతుంది. కొద్ది క్షణాల తరువాత 5 అంటుంది. రెండూ కలిపి 8 అని జవాబివ్వాలి. తరువాత 2 వినిపిస్తుంది. ఇప్పుడు 8కి 2 కలిపి 10 అనకూడదు. చివరగా విన్న 5, 2 కలిపి 7 అనాలి. ఆ తరువాత 6 వస్తే జవాబు 8. లెక్క ఒకటవ తరగతిదే. అయినా మన జవాబును మనమే మరచి, విన్న అంకెను మాత్రం గుర్తుంచుకోవడం ఎంత కష్టమో పాఠకులు ఇంట్లో ఎవరిచేతనైనా అంకెలు చదివించుకుని చూడవచ్చు.

న్యూజిలాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త డొరొతీ గ్రాన్‌వాల్ 1970లలో తలకు గాయమైనవారి మానసిక వేగాన్ని కొలవడానికి వాడిన పరీక్ష ఇది. దీనినే కుంగుబాటు రోగులకు సాధనగా మలచి అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ బృందం 2007లో ఒక వ్యాసం ప్రకటించింది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరొక అడుగు ముందుకు వేశారు. కుంగుబాటు నుంచి బయటపడిన 68 మందిపై వారు జరిపిన ప్రయోగ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఇంటినుంచే ఇంటర్నెట్ ద్వారా 10 విడతలుగా ఈ సాధన చేసినవారిలో, వదలకుండా వేధించే ఆలోచనలు, మిగిలిపోయిన వ్యాధి లక్షణాలు తగ్గినట్లు వారు కనుగొన్నారు. లోపలి అప్రస్తుత ప్రసంగికి జవాబు చెప్పడం మానుకునే అభ్యాసం ఈ అంకెల ఆటలో ఉన్నదన్నమాట.

ఇటువంటివే మరికొన్ని ఉన్నాయి. తెరమీద వరుసగా వచ్చే అక్షరాలలో రెండు అక్షరాల క్రితం వచ్చినదే మళ్ళీ వస్తే మీట నొక్కడం, వెలిగిన గడులను అదే వరుసలో తిరిగి చూపడం, ఎరుపు సిరాతో "నీలం" అని రాసి ఉంటే మాటను కాక రంగును చెప్పడం మొదలైనవి. వీటికి కంప్యూటరే ఎందుకు అని అడగవచ్చు. జవాబు సరైనదైతే వేగం పెంచి, తప్పైతే తగ్గించి, సాధకునికి మరీ సులువుగానూ మరీ దుర్భరంగానూ కాకుండా ఎప్పటికప్పుడు సరిదిద్దడం యంత్రానికి సాధ్యం. నిన్నటికీ నేటికీ గల తేడాను అంకెలలో చూపుతుంది. అన్నిటినీ మించి, అది విసుక్కోదు. పదిసార్లు తప్పు చేసినా ఎవరిముందూ చిన్నతనం లేదు.

ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంజనీర్లమైన మనకు ఏ యంత్రం గురించి అయినా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. 2016లో ప్రచురితమైన ఒక విశ్లేషణ, కుంగుబాటు రోగులపై కంప్యూటర్ సాధనకు సంబంధించిన 9 శాస్త్రీయ ప్రయోగాలను కలిపి చూసింది. అవధానంలోనూ, తాత్కాలిక ధారణలోనూ, దైనందిన వ్యవహారంలోనూ మేలు కనిపించింది. దిగులు కూడా కొంత తగ్గింది. అయితే నిర్వహణ శక్తిలోనూ, విన్న మాటలను గుర్తుంచుకోవడంలోనూ చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. మేలు ఉన్నది, దానికి మేర కూడా ఉన్నదని దీని సారాంశం.

మరొక హెచ్చరిక. 2010లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 11,430 మంది సాధారణ ప్రజలు 6 వారాలపాటు కంప్యూటర్‌లో మెదడు కసరత్తులు చేశారు. ఏ ఆట ఆడారో ఆ ఆటలో నేర్పు పెరిగింది గాని, ఆడని వాటిలో తెలివి పెరగలేదు. 2016లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం, లుమోసిటీ అనే మెదడు ఆటల కంపెనీ తన ప్రకటనలలో రుజువు లేని ప్రయోజనాలు చెప్పినందుకు ఆ కంపెనీ నుంచి 20 లక్షల డాలర్లు రాబట్టింది. కాబట్టి సెల్‌ఫోనులో ఒక ఆట దించుకున్నంత మాత్రాన జ్ఞాపకశక్తి రెట్టింపు అవుతుందనే ప్రకటనలకు మోసపోవద్దు. మందులకు, వైద్యుని సలహాకు ఇది ప్రత్యామ్నాయం కానే కాదు. డాక్టరు చెప్పకుండా మందు ఆపి కంప్యూటర్ ముందు కూర్చోవడం ప్రమాదకరం.

చేట కూడా సాధనమే

ఆటలోని నేర్పు బతుకులోకి ప్రవహించాలంటే నడుమ ఒక కాలువ తవ్వాలి. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టఫర్ బౌవీ బృందం 2013లో ప్రకటించిన అధ్యయనంలో, వారం వారం కలిసి చేసే సాధనకు తోడు ఇంటివద్ద చేయవలసిన అభ్యాసం కూడా ఇచ్చారు. ఇంటి అభ్యాసం ఎంత ఎక్కువ చేస్తే మెరుగుదల అంత ఎక్కువగా ఉన్నట్లు వారు గమనించారు.

మన దేశంలో నిమ్‌హాన్స్ నిపుణులు చాలాకాలంగా తలకు గాయమైనవారికి, మానసిక రోగులకు ఇటువంటి పునఃశిక్షణ ఇస్తూ వచ్చారు. వారి పద్ధతులలో కంప్యూటర్ అవసరం లేనివి కూడా ఉన్నాయి. అచ్చు కాగితంలో నిర్ణీత అక్షరాలను వెతికి కొట్టివేయడం, కలిపి ఉంచిన ధాన్యపు గింజలను రకాలవారీగా వేరుచేయడం అటువంటివి. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరిన మన అమ్మలకు, అమ్మమ్మలకు ఇది కొత్త కాదు. కంప్యూటర్ లేదని ఎవరూ నిరాశపడనవసరం లేదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

మా సహోద్యోగికి సైకాలజిస్టు రెండూ సూచించారు. ఉదయం అరగంట కంప్యూటర్ ముందు అంకెల సాధన. సాయంత్రం ఇంట్లో ఆయన శ్రీమతి చెప్పిన అయిదు సరుకుల పేర్లు కాగితం లేకుండా గుర్తుంచుకుని తేవడం, ఇంటికి వచ్చాక కాగితంతో సరిచూసుకోవడం. అయిదింటికి మూడు తెచ్చిననాడు ఆమె విసుక్కోలేదు. "నిన్న రెండే తెచ్చారు కదా" అనేవారట.

టర్బైన్ నేర్పిన పాఠం

మిగిలిన కాలువ తవ్వవలసినది మేమే. ఇక్కడ మాకు మా వృత్తే దారి చూపింది. విద్యుత్ కేంద్రంలో పనిచేసినవారికి తెలుసు. వేడిగా ఉన్న టర్బైన్‌ను ఆపినప్పుడు రోటర్‌ను కదలకుండా వదలివేయము. వదిలితే వంగిపోతుంది. బారింగ్ గేర్ వేసి గంటల తరబడి నెమ్మదిగా తిప్పుతూనే ఉంటాము. తిరిగి నడిపేటప్పుడు ఒక్కసారిగా ఆవిరి వదలము. తక్కువ వేగంలో ఉంచి లోహమంతా సమంగా వేడెక్కనిచ్చి, ఆ తరువాత 3000 చుట్ల వేగానికి తెచ్చి, గ్రిడ్‌కు కలిపి, మెట్లు మెట్లుగా లోడు పెంచుతాము. తొందరపడితే లోహం పగుళ్ళు తీస్తుంది. యంత్రం విషయంలో ఇంత జాగ్రత్త తీసుకునే మేము మనిషి విషయంలో ఏమి చేశాము? మొదటి వారంలోనే పూర్తి లోడు వేశాము. తట్టుకోలేకపోతే బారింగ్ గేర్ కూడా లేకుండా ఆపివేశాము.

అటు తరువాత పద్ధతి మార్చాము. మొదటి నెల ఆయనకు ఒకే ఫైలు. ఉదయం 10 నుంచి 11.30 వరకు ఆయనను ఎవరూ పిలవకూడదని, ఫోను కలపకూడదని నియమం. సమావేశంలో అనుకున్నవి అక్కడికక్కడే కాగితం మీద పెట్టి అందరికీ ఇచ్చేవాళ్ళము. దానివల్ల మిగిలినవారికీ మేలే జరిగింది. పట్టిక పూర్తయ్యాక మరొకరు సరిచూసేవారు. రెండవ నెల రెండు ఫైళ్ళు. నాలుగవ నెలలో ఒక చిన్న టెండరు మొత్తం ఆయనకే అప్పగించాము.

దారి సాఫీగా సాగిందని చెప్పము. నడుమ ఒక వారం ఏమీ చేయలేక సెలవు పెట్టారు. కంప్యూటర్‌లో మార్కులు పెరిగినా ఆఫీసులో తప్పులు దొర్లిన రోజులు ఉన్నాయి. ఆయన కోలుకోవడంలో కంప్యూటర్ పాలు ఎంత, మందుల పాలు ఎంత, కాలం పాలు ఎంత, ఇంటివారి ఓర్పు పాలు ఎంత అని విడదీసి చెప్పడం మా వల్ల కాదు. ఏడవ నెలలో మాత్రం, మేము స్వయంగా వేసిన ఒక అంచనాలో పన్ను రెండుసార్లు కలిపిన సంగతి ఆయనే పట్టుకుని, సంకోచిస్తూ మా ముందు పెట్టారు. తప్పు దొరికినందుకు మా సర్వీసులో మేము అంతగా సంతోషించిన రోజు మరొకటి లేదు. ఆయన ఇప్పటికీ జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ప్రతి పనీ రాసుకుంటారు. మండీ హౌస్‌లో మాత్రం దిగడం మరచిపోవడం లేదు.

కుటుంబ సభ్యులకు, సహోద్యోగులకు

ఇంట్లోగాని ఆఫీసులోగాని ఎవరైనా కుంగుబాటు నుంచి తేరుకుంటూ మతిమరుపుతో, తడబాటుతో బాధపడుతుంటే ముందుగా ఆ సంగతి వైద్యునికి చెప్పండి. థైరాయిడ్ లోపం, నిద్రలేమి, కొన్ని మందుల ప్రభావం వల్ల కూడా ఇటువంటి మందగింపు రావచ్చు. కారణం తేల్చవలసినవారు వైద్యులే. ఢిల్లీ ప్రాంతంలో ఉన్నవారికి ఎయిమ్స్ మనోరోగ విభాగం, దిల్షాద్ గార్డెన్‌లో 1993 నుంచి పనిచేస్తున్న ఇహ్‌బాస్ సంస్థ అందుబాటులో ఉన్నాయి. ఎక్కడ ఉన్నవారైనా 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ సేవ ఉచితంగా పగలూ రాత్రీ లభిస్తుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ సేవలో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వస్తున్నదని ఎవరైనా అంటే తేలికగా తీసుకోక, ఒంటరిగా వదలక, వెంటనే వైద్యసహాయం పొందండి.

జబ్బు సంగతి బయటపడితే ఉద్యోగానికి ముప్పు అనే భయంతో చాలామంది వైద్యం దాకా రారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉండే హక్కును ఇచ్చింది. ఆరోగ్య బీమాలో శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులను చూడాలని ఆదేశించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, చట్టం గుర్తించిన వైకల్యం సర్వీసులో ఉండగా వచ్చినంత మాత్రాన ఉద్యోగిని తొలగించడం, హోదా తగ్గించడం ప్రభుత్వ సంస్థలకు నిషేధించింది. ఆ చట్టం గుర్తించిన వైకల్యాల జాబితాలో తీవ్రమైన మానసిక రుగ్మత కూడా ఉన్నది.

చట్టం ఇవ్వలేనిది మనం ఇవ్వవలసి ఉన్నది. సెలవు ముగించుకుని వచ్చిన మనిషిని "బాగున్నారా?" అని అందరమూ అడుగుతాము. దానితోపాటు "ఈ వారం ఎంత పని ఇవ్వమంటారు?" అని కూడా అడగగలిగితే, కంప్యూటర్ చేసే సగం పనికి మనం చేసే సగం పని తోడవుతుంది. ఆ ప్రశ్న మేము మూడు నెలలు ఆలస్యంగా అడిగాము. పాఠకులు మొదటిరోజే అడుగుతారని ఆశిస్తున్నాము.